కెప్టెన్ గ్రిజెల్ మొగుడు

జోసియస్ మెక్‌వీకి నిద్రంటే ప్రాణం. ఐర్లండులోని బాలీగ్రోన్‌లో నారబట్ట నేసే ఇళ్ళు పదకొండు ఉంటే, అన్నింట్లోకీ సన్నటి నేత అతనిదే. అన్నింటికన్నా ఆలస్యంగా మగ్గం దిగే బట్ట కూడా అతనిదే. తక్కినవాళ్ళకి మగ్గం చప్పుడు చెవిలో జోరీగ, అతనికి జోలపాట. పోగు మోసే నాడె నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి కళ్ళు మూతలు పడేవి. భార్య గ్రిజెల్ పొయ్యి దగ్గర కూర్చుని ఆ చప్పుడే వింటూ ఉండేది. చప్పుడు ఆగిందంటే గరిటె పట్టుకుని వచ్చేది.

జోసియస్ ప్రెస్బిటేరియన్ క్రైస్తవుడు. అంటే ఆదివారం నాడు రెండున్నర గంటల ప్రసంగం వినాలి, నవ్వకూడదు, రోములో ఉండే పోప్ పేరెత్తితే మొహం చిట్లించాలి. ఈ మూడింటిలో మొదటిది అతనికి మహా ఇష్టం. ప్రసంగం కూడా మగ్గం లాంటిదే గదా. అతని పొలం గట్టుకి అవతల టుర్లో హేగన్ పొలం. టుర్లో కేథలిక్, ఆ పోప్ మాట వినే మనిషి. భార్య పోయి చాలా ఏళ్ళయింది, ఒక మేకతో కాలక్షేపం చేసేవాడు. ప్రెస్బిటేరియన్ పిల్లలకి ఉగ్గుపాలలోనే వెనిగర్ కలిపి పోస్తారని అతని గట్టి నమ్మకం. వీళ్ళిద్దరూ గడప తొక్కని చర్చి ఒకటుంది, రాజుగారి చర్చి. ఇద్దరూ పండించిన దాంట్లో పదోవంతు దానికే పోయేది. ఇంగ్లండు రాజుది ఏ మతమో ఇద్దరిదీ ఆ మతం కాదు, కనక ఇద్దరి మాటకీ కచేరీలో విలువ లేదు. ఇంత చక్కటి ఉమ్మడి కష్టం ఉండి కూడా వాళ్ళు పన్నెండేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

కారణం ఆ గట్టే. ఏటా దుక్కి అదునులో టుర్లో తన వైపు నుంచి ఒక బెత్తెడు గీకేవాడు. ఇతనూ ఊరుకుంటాడా, ఇటునుంచి ఇంకో బెత్తెడు గీకేవాడు. వాళ్ళ తండ్రుల నాడు బండి పట్టేంత వెడల్పున్న గట్టు చివరికి మేక కూడా ఆలోచించి అడుగేసేంత సన్నబడింది. మాటలు లేవు గానీ తిట్లకి లోటు లేదు. టుర్లో తన మేకకి చెప్పేవాడు, గట్టవతల మనిషి వింటాడని.

“చూడే, లోకంలో కొందరు పొద్దెక్కేదాకా పడుకుంటారు. వాళ్ళకి పొలమెందుకో, పరుపు చాలదూ,” అనేవాడు.

జోసియస్‌కి మేక లేదు. అందుకని ఆకాశం వంక చూసి, కొందరికి మేకకీ మనిషికీ తేడా తెలియదు ప్రభువా అని ప్రార్థన చేసుకునేవాడు.

ఆ రోజుల్లో దేశమంతా గుసగుసలు. సముద్రానికి ఆవల ఫ్రాన్సులో రాజు తల తీసేసి జనమే రాజ్యమేలుతున్నారట. మన దగ్గర కూడా ఐక్య సంఘమని ఒకటి పుట్టిందట, కేథలిక్కులూ ప్రెస్బిటేరియన్లూ ఒకటై ఇంగ్లండు పెత్తనం వదిలించుకోవాలని రహస్యంగా ప్రమాణాలు చేస్తున్నారట. ఆ సంఘం వాళ్ళు ఫ్రాన్సు పద్ధతిలో జుట్టు పొట్టిగా క్రాపు కొట్టించుకునేవారు. దాంతో క్రాపు తల కనబడితే చాలు, సిపాయిలు రెక్కలు విరిచి కట్టేవారు. వాళ్ళ రంగు ఆకుపచ్చ. ఇవన్నీ ఊరందరికీ తెలుసు. జోసియస్‌కి మాత్రం తెలియదు. ఎవరైనా చెప్పిన రోజున అతను నిద్రలో ఉండి ఉంటాడు.

పద్దెనిమిదివందలకి ఇంకా నాలుగేళ్ళుందనగా, అక్టోబరు నెలలో ఒక మధ్యాహ్నం జోసియస్ మగ్గం మీదే తూగాడు. జుట్టు ముడి ఊడి బట్ట మీద పరుచుకుంది. చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ బట్ట చుట్టే దోనెని తిప్పేసింది. బట్టతోబాటు జుట్టూ దోనెకి చుట్టుకుపోయింది. మెలకువ వచ్చేసరికి ముక్కు బట్టకి ఆనుకుని ఉంది, తల లేవదు. గ్రిజెల్ గరిటెతో వచ్చి, చూసి, గరిటె పక్కన పెట్టి గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర తెచ్చింది. మొగుడు బట్ట కోసి తనని విడిపించమన్నాడు. జుట్టయితే మళ్ళీ మొలుస్తుంది, నారబట్ట మొలుస్తుందా అని ఆవిడ అడిగింది. కుడిపక్క కోసి చూస్తే ఎడమపక్క పొడుగయింది, అటు సరిచేస్తే ఇటు పెరిగింది. అలా ఇటూ అటూ సరిచేసి సరిచేసి చివరికి ఫ్రాన్సులో కూడా దొరకనంత చక్కటి క్రాపు తేల్చింది.

మర్నాడు సంత. బట్ట అమ్మి వస్తూ నీలం రిబ్బను తెమ్మని గ్రిజెల్ చెప్పింది. కొట్లో నీలం లేదు, ఆకుపచ్చ చవకగా ఉంది. అంత చవకెందుకో అడగాలని అతనికి తోచలేదు. నెత్తి మీద క్రాపు, చేతిలో ఆకుపచ్చ రిబ్బను. సంత సగం దాటకముందే నలుగురు ఎర్రకోటు సిపాయిలు అతన్ని ఎత్తుకుపోయి మేజిస్ట్రేటు పెన్‌ఫర్డ్ దొర ముందు నిలబెట్టారు.

పెన్‌ఫర్డ్ దొర రెండు నెలలుగా ఒక్క తిరుగుబాటుదారుణ్ణి కూడా పట్టుకోలేక పై అధికారుల చేత చీవాట్లు తింటున్నాడు. జోసియస్‌ని చూడగానే ఆయన మొహం చాటంత అయింది. గుమాస్తాని రాసుకోమని చెప్పి మొదలుపెట్టాడు.

“నువ్వు ప్రమాణం చేశావా?”

“చేశానండి.” కిందటి వేసవిలో విస్కీ ముట్టనని భార్య చేతిలో చెయ్యేసి ప్రమాణం చేశాడు. ఆ సంగతి దొరకెలా తెలిసిందా అని హడలిపోయాడు.

“ఎవరి ముందు చేశావు?”

“గ్రిజెల్ ముందండి.”

“గ్రిజెల్‌కి నీ మీద అధికారం ఉందా?”

“పూర్తిగా ఉందండి. లెమ్మంటే లేవాలి, కూర్చోమంటే కూర్చోవాలి.”

“ఊఁ. మీ జట్టులో ఎంతమంది?”

“ఇద్దరమేనండి. దేవుడు పిల్లల్ని ఇవ్వలేదు.”

గుమాస్తా ఆ చివరి ముక్క వదిలేసి, ఇద్దరేసి మంది చొప్పున రహస్య దళాలు అని రాసుకున్నాడు. దొర ముందుకి వంగాడు.

“ఆయుధాలు?”

“ఒక కత్తెరుందండి. అది గ్రిజెల్ దగ్గరే ఉంటుంది. నా తలకి ఈ గతి పట్టించింది ఆ కత్తెరేనండి.”

“అయితే ఈ కెప్టెన్ గ్రిజెల్ ఫ్రెంచివాడన్నమాట. వాణ్ణి పట్టి తెచ్చి ఇదే సంతలో ఉరి తీయిస్తాను. ఎక్కడుంటాడో చెప్పు, నిన్ను వదిలేస్తాను.”

జోసియస్ జీవితంలో పూర్తిగా మెలకువ వచ్చింది అప్పుడే. గ్రిజెల్ ఎవరో చెబితే తను ఇంటికి పోతాడు, సిపాయిలు ఆవిడ మీదికి పోతారు. దొరకి కోపం వస్తే ఆడా మగా చూసే మనిషి కాదు. దొర గద్దించాడు, బల్ల గుద్దాడు, చివరికి మంచిమాటలు కూడా చెప్పాడు. జోసియస్ పెదవి విప్పలేదు. అట్నుంచి అటే అతన్ని జైలుకి పంపారు.

మూడోనాడు సిపాయిలు బాలీగ్రోన్ వచ్చి మెక్‌వీ ఇల్లు సోదా చేశారు. మగ్గం కింద చూశారు, పిండి తొట్టిలో చెయ్యిపెట్టి చూశారు. గ్రిజెల్ చేతులు కట్టుకుని నిలబడి ఎవరికోసమయ్యా అని అడిగింది. కెప్టెన్ గ్రిజెల్ అనే ఫ్రెంచి సర్దారు, ఆరడుగుల మనిషి, మెలితిప్పిన మీసాలు, ఇక్కడికి వస్తూ పోతూ ఉంటాడట అని చెప్పాడు వాళ్ళ హవల్దారు. మీసాలు ఎక్కణ్ణించి వచ్చాయో దేవుడికే తెలియాలి. గ్రిజెల్ పొయ్యి వైపు చెయ్యి చూపించింది.

“అట్లాంటి వాడే గనక వస్తూ పోతూ ఉంటే, నేనీ పొయ్యి దగ్గర ఎందుకు కూర్చుంటాను నాయనా,” అంది.

హవల్దారు అది సబబేనని ఒప్పుకుని వెళ్ళిపోయాడు. నేతగాళ్ళ పెళ్ళాల పేర్లు అడిగే అలవాటు దొరగారి కచేరీలో లేదు.

కచేరీ గుమాస్తా నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరక్కుండా ఆ ప్రశ్నలూ జవాబులూ జిల్లా అంతా పాకిపోయాయి. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఐక్య సంఘం వాళ్ళు మాత్రం నవ్వి ఊరుకోలేదు. చూశారా, ఈ మెక్‌వీ ఎంత గుండెలు తీసిన బంటో, ఇన్నాళ్ళూ నిద్రపోతున్నట్టు నటించాడు, దొర ఉరి చూపించినా ఒక్కరి పేరు చెప్పలేదు సరికదా, పెళ్ళాం పేరు చెప్పి బురిడీ కొట్టించాడు అనుకున్నారు. అట్లాంటి వీరుడి పొలంలో బంగాళాదుంపలు తవ్వే దిక్కు లేక మంచుకి కుళ్ళిపోతే సంఘానికే తలవంపులు. ఆ ఏడు జైలుకి పోయిన వాళ్ళ పొలాలు జనమంతా కలిసి తవ్వడం మావైపు ఆనవాయితీ అయింది. తుపాకీ పట్టుకుంటే నేరం గానీ పార పట్టుకుంటే నేరం కాదు కదా.

నవంబరు మొదట్లో ఒక తెల్లవారి గ్రిజెల్ తలుపు తీసేసరికి దారి పొడుగునా పారలు. నాలుగు దిక్కుల నుంచీ జనం వస్తున్నారు, ముందు ఫిడేలు, వెనక పాట. వెయ్యిమంది అని కొందరు, పదిహేనువందలని కొందరు. దుంపచేను చూస్తే అరెకరం.

వచ్చినవాళ్ళు రెండు గుంపులయ్యారు. ప్రెస్బిటేరియన్లు పని మొదలుపెట్టే ముందు ఒక కీర్తన పాడాలన్నారు, పద్దెనిమిది చరణాలది. కేథలిక్కులు జపమాల ఒక్కసారి తిప్పుకుని మొదలెడదామన్నారు. వాళ్ళ జపం అయ్యేదాకా మేం చెవులు మూసుకోవాలా అని వీళ్ళు, మీ పద్దెనిమిది చరణాలు అయ్యేలోపు కొత్త దుంపలు మొలుస్తాయని వాళ్ళు. పారలు భుజాల మీంచి దిగి చేతుల్లోకి వచ్చాయి. ఇంగ్లండు రాజుకి వ్యతిరేకంగా చేరిన సైన్యం ఒకరినొకరు కొట్టుకోబోతుండగా గ్రిజెల్ తిరగేసిన బుట్ట ఎక్కి నిలబడింది.

“ఎవరిది వాళ్ళు వంగి తవ్వుకుంటూ మనసులో చెప్పుకోండి. దేవుడికేం చెవుడు లేదు. మంచు పడ్డాక ఏ దేవుడి పేరు చెప్పినా కుళ్ళిన దుంప బాగుపడదు,” అంది.

అందరూ వంగారు. ఫిడేలువాడు ఎత్తుకున్న పాట పూర్తి కాకముందే అరెకరమూ అయిపోయింది. ముందు వరసలో ఉన్నవాళ్ళకి ఒక్కొక్కరికి నాలుగు దుంపలు దొరికాయి. వెనకవాళ్ళకి మట్టి కూడా అందలేదు. పది మైళ్ళు నడిచొచ్చి పారకి మట్టి అంటకుండా ఎలా పోతారు? గట్టు దాటి టుర్లో హేగన్ చేలోకి దిగారు. టుర్లో తన చేలో నిలబడి, వద్దనాలో రమ్మనాలో తెలియక మేకని పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అతని దుంపలూ పైకి వచ్చాయి. తవ్వినవాళ్ళు తవ్వినట్టు అన్నీ ఒక్క చోటే పోసి, ఒకే పాతర వేసి, గడ్డి కప్పి, మట్టి మెత్తారు. ఇంకా ఒక మూడువందలమంది పనిలేక మిగిలారు. వాళ్ళకి రెండు చేలకీ మధ్య ఒక సన్నటి మట్టి దిబ్బ కనిపించింది. అడ్డంగా ఉందని నిమిషంలో చదును చేసేశారు. తర్వాత టోపీలు ఊపి, ఫిడేలు ముందు పెట్టుకుని ఎటు వచ్చినవాళ్ళు అటు పోయారు.

పొలంలో గ్రిజెల్, టుర్లో, మేక మిగిలారు. టుర్లో అటు చూశాడు, ఇటు చూశాడు.

“ఏమేవ్, మన గట్టేదే?” అన్నాడు మేకతో.

మేక తల తిప్పుకుంది. పన్నెండేళ్ళలో మొదటిసారి టుర్లో నేరుగా గ్రిజెల్ వైపు తిరిగాడు.

“అమ్మాయ్, మీ దుంపలేవో మా దుంపలేవో ఎట్లా తెలుస్తుంది ఇప్పుడు?”

“శుక్రవారం మీరు మాంసం ముట్టరుగా, మీ దుంపలైతే ఆ రోజు మాంసంతో ఉడకవేమోలే. పెట్టి చూద్దాం,” అంది గ్రిజెల్.

టుర్లో నవ్వు ఆపుకుందామని చూశాడు గానీ అతని వల్ల కాలేదు. ఆ చలికాలమంతా ఇద్దరూ ఒకే పాతరలోంచి తీసుకుని తిన్నారు. వారానికి రెండుసార్లు టుర్లో మేకపాలు తెచ్చి ఇచ్చేవాడు. ఆవిడ అతని చొక్కాలకి అతుకులు వేసేది. ఒక ప్రెస్బిటేరియన్ ఇంట్లో నవ్వడం తన చెవులారా విన్నానని టుర్లో తన ఫాదరుగారితో చెబితే, ఆయన నమ్మలేదు.

జైల్లో జోసియస్ సంగతి మరోలా ఉంది. తన గది నిండా నిజమైన సంఘం మనుషులు. వాళ్ళు అతనికి కిటికీ పక్కన చోటిచ్చారు, మంచి గడ్డి పరిచారు. అతను పడుకుంటే పెద్దాయన ఆలోచిస్తున్నాడు, మాట్లాడకండి అనేవారు. అంత సుఖమైన నిద్ర అతను పుట్టి ఎరగడు. తన దుంపలు వెయ్యిమంది తవ్వారని తెలిసినప్పుడు మాత్రం లేచి కూర్చున్నాడు. ఏదో పొరపాటు జరిగిందని చెప్పబోయాడు. గొప్పవాళ్ళకి అణకువ ఎక్కువ అన్నారు పక్కవాళ్ళు. ఇక తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

మార్చిలో వదిలేశారు. కెప్టెన్ గ్రిజెల్ దొరకలేదు, రిబ్బనొక్కటీ పట్టుకుని ఎన్నాళ్ళు ఉంచుతారు? పెన్‌ఫర్డ్ దొర మాత్రం ఒక షరతు పెట్టాడు. ఇకమీదట జోసియస్ జుట్టు కత్తిరించరాదు. ప్రతి నెలా మొదటి సోమవారం కచేరీకి వచ్చి గుమాస్తా చేత కొలిపించుకోవాలి. ఒక్క అంగుళం తగ్గినా మళ్ళీ జైలే. అలా నెలనెలా కొలుస్తుంటే జుట్టు చెవులు దాటింది, ఎండాకాలం పోయి ఎండాకాలం వచ్చేసరికి భుజాల మీదికి దిగింది. గ్రిజెల్ దానికి జడ వేసేది. అల్లేటప్పుడు అటూ ఇటూ కదిలితే దువ్వెనతో ఒక్కటిచ్చేది.

బయటికొచ్చాక జోసియస్‌కి మనశ్శాంతి పోయింది. ఎక్కడికెళ్ళినా జనం టోపీ తీస్తారు. సంఘం రహస్య సమావేశాలకి పెద్దగా కూర్చోమని కబుర్లు వస్తాయి. వెళ్ళి కూర్చునేవాడు, కునుకు తీసేవాడు, లేచాక అందరూ ఎటు తలూపితే అటు ఊపేవాడు. నాలుగు నెలలయ్యాక ఇక ఆగలేక, చదునైన పొలంలో టుర్లో పక్కన కూర్చుని కక్కేశాడు.

“టుర్లో, నేను ఏ సంఘంలోనూ లేను. ప్రమాణమే చెయ్యలేదు. జుట్టు మగ్గంలో పడింది. రిబ్బను చవకని కొన్నాను.”

టుర్లో గడ్డిపరక నములుతూ అడిగాడు.

“మరి దొర ఉరితీస్తానన్నప్పుడు గ్రిజెలంటే ఎవరో ఎందుకు చెప్పలేదురా?”

“ఆవిడ మీదికి పోతారు కదా.”

“ఒరే, ప్రమాణం చేసినవాళ్ళు కూడా అంతకన్నా ఏం చేశారని?” అన్నాడు టుర్లో. తర్వాత తనకి తట్టింది చెప్పాడు. తను కిందటేడే సంఘంలో ప్రమాణం చేశాడు, కాబట్టి ఇంకొకడి చేత చేయించవచ్చు. ఎవరికీ తెలియకుండా ఇప్పుడే కానిచ్చేస్తే సరి.

ప్రమాణం పుస్తకం మీద చెయ్యాలి. జోసియస్ ఇంట్లో బైబిలు ఉంది గానీ అది ఇంగ్లండు రాజు పేరుతో అచ్చయిందని టుర్లో ముట్టనన్నాడు. ఫాదరుగారి బైబిలు తెద్దామంటే అందులో మా వాళ్ళు ఒప్పుకోని అధ్యాయాలున్నాయని జోసియస్ వెనకాడాడు. అరగంట వాదించుకున్నారు. చివరికి గ్రిజెల్ గూట్లోంచి పంచాంగం తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది. పౌర్ణమి ఎప్పుడో అమావాస్య ఎప్పుడో అన్నదాని మీద ఏ మతానికీ పేచీ లేదు. ప్రమాణం మాటలు టుర్లోకి సగమే గుర్తున్నాయి. తక్కిన సగం జోసియస్ తన తెలివి కొద్దీ పూరించాడు. ఐర్లండు మనుషులందరూ మతం అడక్కుండా ఒకటవ్వాలనీ, రాజ్యం జనానిది కావాలనీ, ఎవరూ ఎవరి గట్టూ గీకకూడదనీ ప్రమాణం చేశాడు. ఆ సాయంత్రం నుంచీ సమావేశాల్లో మెలకువగా కూర్చోవడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఎంత పనికిరాని మాటలు మాట్లాడుకున్నారో తెలిసి ఆశ్చర్యపోయాడు కూడా.

మరుసటి జూన్‌లో తిరుగుబాటు లేచింది. డౌన్ జిల్లా అంతా బల్లేలు పట్టుకుని బాలినహించి ఊరి వైపు కదులుతోందని కబురొచ్చింది. జోసియస్ కుర్చీ వాకిట్లోకి లాక్కుని కూర్చుని భార్యని కత్తెర తెమ్మన్నాడు. గ్రిజెల్ చాలాసేపు ఆ జడని చేత్తో పట్టుకుని నిలబడింది. రెండుసార్లు దువ్వింది. తర్వాత మెడ దగ్గరికి కోసేసి, జడ తీసుకెళ్ళి పెట్టెలో పెట్టింది. ఈసారి ఇటూ అటూ సరిచేసే పని లేకుండా, తీరిగ్గా, చక్కగా కత్తిరించింది.

ఇద్దరు స్నేహితులకీ కలిపి ఒకటే బల్లెం. టుర్లో రొట్టెల మూట మోశాడు. దారిలో వాళ్ళకి పేచీ వచ్చింది. కొండ చుట్టూ పోవాలని జోసియస్, బురదనేల మీదుగా అడ్డదారి తనకి తెలుసని టుర్లో. ముందు అడ్డదారిలో వెళ్ళారు. మోకాళ్ళ లోతు దిగబడ్డారు. ఒకణ్ణొకడు లాక్కునే హడావుడిలో బల్లెం బురదలో మునిగి మాయమైంది. బయటపడి మళ్ళీ కొండ చుట్టూ బయల్దేరారు. వాళ్ళు బాలినహించి కనుచూపు మేరకి చేరేసరికి మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఊరు తగలబడుతోంది. పొగలోంచి జనం ఎదురు పరుగెత్తుకొస్తున్నారు, చాలామంది తెలిసిన ముఖాలు. అంతా అయిపోయింది, తిరిగిపొండి అని చెప్పాడు ఒకడు, ఆగకుండానే.

బాలీగ్రోన్ నుంచి వెళ్ళినవాళ్ళలో ఆరుగురు తిరిగి రాలేదు. నలుగురు ప్రెస్బిటేరియన్లు, ఇద్దరు కేథలిక్కులు. అందరూ ఆ దుంపలు తవ్వినవాళ్ళే. చాలా రోజులు ఊళ్ళో ఎవరూ ఫిడేలు తియ్యలేదు.

తర్వాత దొరల ఆజ్ఞ వచ్చింది. ఎవరి ఆయుధాలు వాళ్ళు తెచ్చి అప్పగిస్తే క్షమాపణ చీటీ ఇస్తారు. చీటీ లేనివాడి ఇల్లు తగలబెడతారు. బల్లెం ఉన్నవాడికి ఇబ్బంది లేదు. లేనివాడు లేదంటే దాచాడనుకుంటారు. దాంతో జన్మలో బల్లెం ముట్టనివాళ్ళు కూడా బల్లేల కోసం కమ్మరి కొలిమి ముందు వరస కట్టారు. తిరుగుబాటప్పుడు అతను చేసినవి ఇరవై, అది అణిగాక నెలలో చేసినవి డెబ్భై. మనవాళ్ళ వంతు వచ్చేసరికి ఇనుము అయిపోయి ఒక్కటే బల్లెం దక్కింది.

ముందు టుర్లో తీసుకెళ్ళాడు. పెన్‌ఫర్డ్ దొర చూసి, చీటీ ఇప్పించి, సిపాయి చేత ఆ బల్లెం కచేరీ వెనక పెరట్లో కుప్ప మీద పారేయించాడు. పెరటి గోడ నడుము ఎత్తే. జోసియస్ అటునుంచి వంగి అదే బల్లెం తీసుకుని, చుట్టూ తిరిగి ముందు వాకిలిలోంచి లోపలికి వచ్చాడు. నెత్తి మీద నార టోపీ, దానికి లోపలి నుంచి గ్రిజెల్ కుట్టిన అతని పాత జడ వెనక వేలాడుతోంది.

దొర బల్లేన్ని అటూ ఇటూ తిప్పి, ఇది ఇందాక చూసినట్టే ఉందే అన్నాడు. ఒక్క కమ్మరి చేతివి కదా దొరా, కవల పిల్లల్లా ఉంటాయి అన్నాడు జోసియస్. గుమాస్తాకి అప్పుడు జుట్టు గుర్తొచ్చింది. ఈ నెల కొలత ఇంకా కాలేదు, టోపీ తియ్యి అంటూ కొలబద్ద పట్టుకుని దగ్గరికి వచ్చాడు. జోసియస్ రెండు చేతులా టోపీ అదిమి పట్టుకున్నాడు. చీటీ దొరికాక కూడా గుమ్మంలోనే నిలబడి ఉన్న టుర్లో గొంతు సవరించుకున్నాడు.

“తియ్యమంటే తీస్తాడు గుమాస్తాగారూ. మీ మంచికే చెబుతున్నా. తల నిండా గజ్జి. మొన్న ఊరికే దువ్వెన ముట్టుకున్న పాపానికి మా మేకకి సోకింది.”

గుమాస్తా ఆగిన చోటే ఆగి, చేయి చాచి దూరం నుంచే కొలబద్ద చూపించి, పోయిన నెల అంకె మళ్ళీ రాసుకున్నాడు. దొర ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని చీటీ మీద ముద్ర గుద్దించాడు. ఇద్దరూ ఊరి పొలిమేర దాటేదాకా గంభీరంగా నడిచారు. ఆ తర్వాత దారి పక్క కూలబడి కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు. ఆ నవ్వులో జోసియస్ ఎక్కడ ఏడవడం మొదలుపెట్టాడో టుర్లోకి తెలియలేదు. తెలిసాక భుజం మీద చెయ్యివేసి కూర్చున్నాడు.

జోసియస్ ఆ తర్వాత పదిహేనేళ్ళు బతికాడు. రాజ్యం మారలేదు. పదోవంతు రాజుగారి చర్చికి పోతూనే ఉంది. వయసు పైబడ్డాక నిద్ర పట్టక అవస్థ పడ్డాడంటే విన్నవాళ్ళెవరూ నమ్మేవారు కాదు. ఫిబ్రవరి నెలలో జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయాడు.

శవపేటికని ప్రెస్బిటేరియన్ మందిరంలోకి తీసుకెళ్ళారు. అక్కడికి అడుగుపెట్టడం టుర్లో మతంలో పాపం. అందుకని అతను మందిరం గోడ బయట వానలో నిలబడ్డాడు. పాదిరి ప్రసంగం మొదలుపెట్టి గంట దాటించాడు. బయట టుర్లో తుమ్మాడు. కాసేపాగి మళ్ళీ తుమ్మాడు. మూడోసారికి గ్రిజెల్ ముందు బల్ల మీంచి లేచింది. పాదిరి నోట్లో మాట నోట్లోనే ఉండగా నడవ పొడుగునా నడిచి, బయటికెళ్ళి, తన శాలువా సగం టుర్లో మీద కప్పి, ప్రసంగం అయ్యేదాకా గోడ పక్కనే అతనితో నిలబడింది.

ప్రసంగం మధ్యలో, అదీ మొగుడి అంత్యక్రియల్లో, లేచిపోవడం తప్పా కాదా అని మందిరం పెద్దలు మూడు ఆదివారాలు తర్జనభర్జన పడ్డారు. ఆవిణ్ణి పిలిపించి సంజాయిషీ అడగాలని తీర్మానించారు కూడా. గ్రిజెల్ వెళ్ళలేదు. మగ్గం మీద మొగుడు సగంలో వదిలిన బట్ట ఉంది, అది దిగాక తీరికుంటే చూస్తానని కబురు పంపింది.